పరలోకం మీద ఆశ ఉన్నవాళ్ళు ఇంటి పైకప్పు బాగు చేయించుకోకూడదా?

ప్రశ్న: మాది విశ్వాసుల కుటుంబం. పెళ్ళై పదకొండేళ్ళు. ఏడేళ్ళ పాప ఉంది. పోయినేడాది మా అత్తగారు క్యాన్సర్‌తో చనిపోయారు. మా వారికి తల్లి అంటే ప్రాణం. అయినా సమాధి చేసిన రోజున ఆయన కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. నేను ఏడుస్తుంటే "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళింది, నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకు" అన్నారు. అప్పటినుంచి ఏ మాట మొదలుపెట్టినా పరలోకం దగ్గరే తేలుతోంది. పైకప్పు కారుతోంది, బాగు చేయిద్దామంటే "ఈ లోకమే అద్దె ఇల్లు, మన ఇల్లు పైన ఉంది" అంటారు. పాప చదువు కోసం నెలనెలా దాచే డబ్బు ఆపేశారు. బీపీ ఉంది, మాత్రలు సరిగ్గా వేసుకోరు, చెకప్‌కి రారు. ఈమధ్య "నాకిక్కడ ఇంకేం పనుంది, పిలుపు వస్తే చాలు" అంటున్నారు. అది విన్న పాప "నాన్న కూడా నానమ్మ దగ్గరికి వెళ్ళిపోతాడా? ఎప్పుడు?" అని రాత్రిళ్ళు అడుగుతోంది. సంఘంలో మాత్రం అందరూ ఆయన భక్తిని మెచ్చుకుంటున్నారు.

ఇంకో మాట, రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు పరలోకం మీద ఆశ కలగడం లేదు. నా ఉద్యోగం, మా పాప నవ్వు, పెరట్లో మొక్కలు, ఇవే ఇష్టం. ఆరాధనలో అందరూ పరలోకం గురించి పాడుతుంటే నేను అబద్ధమాడుతున్నట్టు ఉంటుంది. ఈ లోకాన్ని ప్రేమించడం పాపమా? ఆయనది భక్తేనా, ఇంకేమైనానా?

(పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీరు సిగ్గుపడుతూ చివర రాసిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలితే మీ వారి సంగతి మాట్లాడటం సులువవుతుంది.

మీ మనసులో గుచ్చుకుంటున్న వచనం ఏదో ఊహించగలను. "ఈ లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి" అని యోహాను మొదటి పత్రికలో ఉంది. ప్రసంగాల్లో చాలాసార్లు అక్కడితో ఆపేస్తారు. వెంటనే వచ్చే వచనం చదివితే దేన్ని ప్రేమించవద్దన్నాడో తెలుస్తుంది: శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం. చూసిందల్లా నాకే కావాలనే ఆబ, నలుగురి ముందు గొప్ప చూపించుకోవాలనే ఆరాటం. మొక్కలకు నీళ్ళు పోయడం, పిల్ల నవ్వుతుంటే మురిసిపోవడం వీటిలో ఏ పద్దులోకి వస్తాయో నాకైతే అంతుపట్టడం లేదు. దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించాడని చెప్పింది కూడా ఆ యోహాను సువార్తే కదా. పౌలు తిమోతికి రాస్తూ ధనవంతులకు ఒక హెచ్చరిక చేయమన్నాడు: అస్థిరమైన ధనం మీద నమ్మకం పెట్టుకోవద్దు, మనం అనుభవించడానికి అన్నీ ధారాళంగా ఇచ్చే దేవుని మీదే పెట్టుకోండి అని. డబ్బును నమ్ముకోవద్దనే మాట, ఇచ్చినవాటిని ఆనందంగా అనుభవించమనే మాట ఒకే వచనంలో ఉన్నాయి. మొదటిది మాత్రమే చదివే అలవాటు మనకు బాగా ఉంది.

ఇక ఆశ కలగకపోవడం గురించి. మీకు చిన్నప్పటినుంచి పరలోకమంటే ఏం చూపించారు? మబ్బులు, తెల్లబట్టలు, వీణలు, ఎప్పటికీ అయిపోని పాటల ఆరాధన. నిజం చెప్పాలంటే ఆ బొమ్మ చూసి ఆశ పుట్టనివాళ్ళు మీరొక్కరే కాదు, చాలామంది విశ్వాసులు లోలోపల అలాగే ఉన్నారు, పైకి చెప్పరు. బైబిలు ఆఖరి పుటల్లో ఉన్న బొమ్మ వేరు. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో మనుషులు భూమిని వదిలి పైకి ఎగిరిపోవడం కనిపించదు. పరిశుద్ధ పట్టణమే పరలోకం నుంచి కిందికి దిగి వస్తుంది, దేవుడే మనుషుల మధ్య నివసిస్తాడు. ఆ పట్టణంలో నది పారుతుంది, పన్నెండు కాపులు కాసే చెట్టు ఉంటుంది, ఆ చెట్టు ఆకులు జనాలను స్వస్థపరచడానికి. కొత్త ఆకాశం, కొత్త భూమి గురించి యెషయా చెప్పినప్పుడు కూడా జనం ఇళ్ళు కట్టుకుని వాటిలో కాపురముంటారు, ద్రాక్షతోటలు నాటుకుని వాటి పండ్లు తింటారు అన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడి ఇప్పటికీ ఎన్నో సంఘాల్లో చదివే విశ్వాస ప్రమాణం కూడా మృతుల పునరుత్థానం కోసం, రాబోయే యుగపు జీవం కోసం ఎదురుచూస్తున్నామనే ముగుస్తుంది. తిరిగి లేచిన యేసు నీడలా కనబడి మాయం కాలేదు. కాల్చిన చేప తిన్నాడు, చేతుల్లో గాయాల గుర్తులు చూపించాడు, రాత్రంతా వలలు వేసి అలిసిపోయిన శిష్యులకు ఒడ్డున నిప్పులు రాజేసి తిండి సిద్ధం చేశాడు.

కాబట్టి మొక్కల్ని ప్రేమించే మీకు ఆ చెట్టున్న పట్టణం పరాయిదేమీ కాదు. పైగా ఆరోగ్యంగా ఉండి, చిన్న పిల్లను పెంచుకుంటున్న మనిషికి పరలోకం కోసం తహతహ లేకపోవడం సహజం. ఆ తహతహ ఎక్కువగా పోగొట్టుకున్నవాళ్ళకు, నొప్పి పడుతున్నవాళ్ళకు వస్తుంది. వయసు మీద పడ్డాక చాలామందికి తనంతట తానే వస్తుంది. మీరు పాడే పాటలో మీకు ఇంకా అనుభవంలోకి రాని మాటలు ఉన్నంత మాత్రాన అది అబద్ధం కాదు. సంఘమంతా కలిసి పాడేటప్పుడు ఒక చరణం పక్క వరుసలో కూర్చున్న విధవరాలి కోసం ఉంటుంది. ఆమెతో గొంతు కలపండి, చాలు.

ఇప్పుడు మీ వారి మాట. "ఈ లోకమే అద్దె ఇల్లు" అన్న వాక్యంలో తప్పేమీ లేదు. యాత్రికులం, పరదేశులం అని పేతురు రాశాడు, మన పౌరస్థితి పరలోకంలో ఉందని పౌలు రాశాడు. కానీ అద్దెకున్నవాళ్ళు మాత్రం కారే కప్పు కింద పిల్లను పడుకోబెట్టరు కదా! పరదేశంలో ఎలా బతకాలో బైబిలు ఊహకు వదిలేయలేదు కూడా. యూదులు బబులోనుకు చెరపట్టబడి పోయినప్పుడు, అది తమ ఇల్లు కాదని వాళ్ళకు తెలుసు. త్వరలోనే ఇంటికి వెళ్ళిపోతామని చెప్పే ప్రవక్తలూ వాళ్ళకు దొరికారు. యిర్మీయా ప్రవక్త మాత్రం వాళ్ళకు ఉత్తరం రాశాడు: ఇళ్ళు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమాన్ని కోరండి, దాని కోసం ప్రార్థించండి అని. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం. మీ వారితో వాదించడం కన్నా ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి ఆ అధ్యాయం చదవడం మేలు.

ఇలాంటి చిక్కు సంఘం పుట్టిన తొలి ఏళ్ళలోనే వచ్చింది. థెస్సలొనీకలో కొందరు పనీపాటా మానేసి తిరుగుతున్నారు. ప్రభువు దినం, అంటే ఆయన తిరిగి వచ్చే రోజు, వచ్చేసిందనే కలవరం కూడా ఆ సంఘంలో ఉంది. ఈ రెంటికీ ముడి ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. పౌలు వాళ్ళ భక్తిని మెచ్చుకోలేదు. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని ఖండితంగా చెప్పాడు. పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాత అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు బోధ విన్నవాళ్ళు 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని నమ్మారు. కొందరు పంట కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. మర్నాడు తెల్లవారింది, పంట అలాగే నిలబడి ఉంది. వాళ్ళ నమ్మకాన్ని వెక్కిరించడానికి ఇది చెప్పడం లేదు, వాళ్ళలో చాలామంది నిజాయితీపరులు. రేపటిని దేవుని చేతిలో పెట్టడం ఒకటి, రేపటి పనిని ఎగ్గొట్టడం ఇంకొకటి. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం ఎంత తేలికో చూడండి.

పాప డబ్బు విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. తన ఇంటివాళ్ళను పోషించనివాడు విశ్వాసాన్ని విడిచిపెట్టినవాడు, అవిశ్వాసికన్నా చెడ్డవాడు అని తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో ఉంది. భూమి మీద ధనం కూడబెట్టుకోవద్దని యేసు చెప్పాడు, నిజమే. అక్కడ ఆయన మందలించింది తనకోసం పోగు చేసుకుని దానిమీదే ప్రాణం పెట్టుకోవడాన్ని. కూతురి చదువుకు దాచడం తనకోసం పోగు చేసుకోవడం కాదు. ఆయన నిజంగా డబ్బు మీద ఆశ వదులుకుని ఉంటే, ఆ ఆపేసిన డబ్బు లేనివాళ్ళకు వెళుతూ ఉండాలి. ఎక్కడికీ వెళ్ళకుండా ఊరికే ఆగిపోయి ఉంటే అది త్యాగం కాదు, నిరాసక్తత. ఆ తేడా గమనించండి, కింద నేను చెప్పబోయేదానికి అది పనికొస్తుంది.

మందుల సంగతి కూడా అంతే. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. "ప్రియుడైన వైద్యుడు" అని పౌలు ప్రేమగా రాసుకున్నాడు. కడుపు జబ్బు, తరచూ వచ్చే బలహీనతల కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి సలహా ఇచ్చింది కూడా ఆయనే. దేవాలయ శిఖరం మీదనుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని సాతాను అన్నప్పుడు యేసు దూకలేదు, ప్రభువును శోధించవద్దని రాసి ఉందన్నాడు. బీపీ పెరిగితే నొప్పి తెలియదు, అందుకే అది మోసం చేస్తుంది. మాత్రలు ఇష్టం వచ్చినట్టు మానేస్తే పక్షవాతం, గుండెపోటు రావచ్చు, మూత్రపిండాలు పాడవ్వచ్చు. పిలుపు వచ్చేలోపు మంచంలో పదేళ్ళు గడపాల్సి రావచ్చు. ఆ పదేళ్ళు ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టేది మీరు. ఈ మాట ఆయనకు దయలేకుండా వినిపించినా సరే, ఒకసారి చెప్పండి.

అయితే పరలోక నమ్మకం రోజువారీ బతుకులో ఏం చేస్తుంది? ఏమీ చేయకపోతే అది నమ్మకం కాదు కదా, అని మీరు అడగవచ్చు. చేస్తుంది. చాలా చేస్తుంది. కానీ అది చేసేది మీ వారు అనుకుంటున్న దిక్కులో కాదు.

మూడో శతాబ్దం మధ్యలో రోమా సామ్రాజ్యాన్ని ఒక మహమ్మారి ఏళ్ళ తరబడి పట్టి పీడించింది. అలెగ్జాండ్రియా సంఘ పెద్ద డయోనీసియస్ ఆ రోజుల గురించి రాసిన ఉత్తరం యుసేబియస్ రాసిన తొలి సంఘ చరిత్రలో భద్రంగా ఉంది. సహోదరులు చాలామంది తమ ప్రాణం లెక్కచేయకుండా రోగుల పక్కన ఉండి సేవ చేశారని, ఆ రోగమే అంటుకుని సంతోషంగా చనిపోయారని, శవాలను తమ చేతులతో కడిగి గుడ్డలు చుట్టారని రాశాడు. ఇతరులు మాత్రం రోగం కనబడగానే సొంతవాళ్ళనే వీధిలోకి తోసేశారన్నాడు. ఆయన తన పక్షం మాట్లాడే మనిషి, కాస్త ఎక్కువ చెప్పి ఉండవచ్చు, ఇతరుల్లోనూ మంచివాళ్ళు ఉండే ఉంటారు. ఆ సంగతి పక్కన పెట్టినా, చావు తర్వాత బతుకుందని నమ్మినవాళ్ళు రోగి గదిలోకి అడుగుపెట్టారన్నది గమనించాలి. "మాకు పైన ఇల్లుంది, ఈ శరీరం పోతే పోనీ" అన్న మాటనే వాళ్ళూ నమ్మారు. మీ వారు అదే మాటను డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి వాడుతున్నారు. వాళ్ళు ఎదుటివాడి శరీరాన్ని కాపాడటానికి వాడారు.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లండు దేశస్థురాలు. మొదట నర్సు, తర్వాత ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ఇక బతకరని తేలిన క్యాన్సర్ రోగులను అప్పట్లో చాలాచోట్ల "చేసేదేమీ లేదు" అని వదిలేసేవాళ్ళు. నొప్పి భరించలేక అరిచాకే మందు ఇచ్చేవాళ్ళు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళ ప్రకారం మందు ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. శరీరానిదే కాదు, మనసు, కుటుంబం, ఆత్మ, వీటి నొప్పి కూడా నొప్పేనంది. 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. రోగం నయం కాకపోయినా బాధ తగ్గించే, ఇప్పుడు మనం పాలియేటివ్ కేర్ అంటున్న వైద్యానికి ఆధునిక కాలంలో గట్టి పునాది అక్కడ పడింది. ఆమె కావాలంటే "ఎలాగూ పరలోకానికి వెళతారు, కాస్త ఓర్చుకోండి" అని ప్రార్థన చేసి రావచ్చు. అలా చేయలేదు. చివరి వారం కూడా బతుకేనని నమ్మింది. మీ అత్తగారు క్యాన్సర్‌తో పోయారని రాశారు. ఆమె చివరి రోజుల్లో నొప్పికి మందు అంది ఉంటే, ఆ మందు వెనక ఇలాంటి నమ్మకం కూడా ఉందని మీ వారికి తెలిసి ఉండకపోవచ్చు.

ఇవి పెద్ద మనుషుల కథలు. మామూలు ఇంట్లో అది ఇంకా చిన్నచిన్న చోట్ల పనిచేస్తుంది. ఎవరూ చూడని పని చేసినప్పుడు విసుగు తగ్గుతుంది, ఎందుకంటే ఒక గిన్నెడు చన్నీళ్ళు ఇచ్చినవాడి ఫలం కూడా పోదని యేసు అన్నాడు. ఎవరో అన్యాయం చేస్తే రాత్రంతా పగ నెమరేసుకోవడం తగ్గుతుంది, తీర్పు తీర్చేవాడు ఒకడున్నాడని కాబట్టి. ఆస్తి పంపకాల దగ్గర అన్నదమ్ములతో గొంతు పెంచకుండా లేచి రాగలుగుతారు. నమ్మకం పరీక్షకు నిలబడేది ఎక్కువగా ఆ పంపకాల దగ్గరేనని నా అభిప్రాయం, ఆరాధనలో చేతులెత్తినప్పుడు కాదు. పునరుత్థానం గురించి అంత పెద్ద అధ్యాయం రాసిన పౌలు దాన్ని ఎలా ముగించాడో చూడండి, 1 కొరింథీ 15వ అధ్యాయం. చావును జయించామని పాడి, ఆ వెంటనే, కాబట్టి కదలకుండా నిలబడండి, ప్రభువు పనిలో ఇంకా ఎక్కువగా శ్రమించండి, మీ ప్రయాస వ్యర్థం కాదు అన్నాడు. అంటే ఆ నిరీక్షణ ఆయన్ని మళ్ళీ పనిలోకే తోసింది.

పరలోకం పేరు చెప్పి మనుషుల్ని నోరు మూయించడమూ చరిత్రలో ఉంది. అమెరికాలో బానిసల యజమానులు "ఇక్కడ లోబడి ఉండండి, అక్కడ ప్రతిఫలం ఉంటుంది" అని బోధ చేయించేవాళ్ళు. కార్ల్ మార్క్స్ 1844లో మతాన్ని మత్తుమందు అన్నప్పుడు ఊరికే అనలేదు. కానీ అక్కడి బానిసలే ఆ పరలోకాన్ని యజమానుల చేతుల్లోంచి లాక్కున్నారు. పరలోకానికి గుర్తుగా చెప్పే కనాను దేశానికి వెళుతున్నామని తాము పాడుకున్నప్పుడు తమ మనసులో ఉన్నది ఉత్తరాది, స్వేచ్ఛ ఉన్న ప్రాంతం అని, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ తన ఆత్మకథలో రాశాడు. కాబట్టి ఎవరైనా పరలోకం గురించి మాట్లాడితే, ఆ మాట ఎవరి నోరు మూయిస్తోంది, ఎవరిని లేపి నిలబెడుతోంది అని చూడండి. మీ ఇంట్లో ప్రస్తుతం అది మీ నోరు మూయిస్తోంది. మీ ఏడుపును ఆపింది, పైకప్పు మాటను ఆపింది.

ఏడుపు సంగతి తేల్చేద్దాం. "నిరీక్షణ లేని ఇతరులవలె" దుఃఖపడవద్దన్నాడు పౌలు. అసలు దుఃఖపడవద్దని చెప్పలేదు. చనిపోయిన స్నేహితుడు లాజరును మరికాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధి దారిలో "యేసు కన్నీళ్లు విడిచెను". విశ్వాసం కోసం చంపబడిన స్తెఫనును పాతిపెట్టిన భక్తిగల మనుషులు అతని కోసం చాలా అంగలార్చారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఇక ప్రకటన గ్రంథంలో దేవుడు వాళ్ళ కన్నుల ప్రతి బాష్పబిందువునూ తుడిచివేస్తాడని రాశారు. తుడవడానికి ముందు కన్నీళ్ళు ఉండాలి కదా. మీరు ఏడ్చినందుకు మీ నిరీక్షణ ఏమీ తగ్గలేదు.

అసలు నాకు టెన్షన్ పెట్టింది మీ ఏడుపు కాదు, ఆయన ఏడవకపోవడం. ప్రాణంగా చూసుకున్న తల్లి పోయింది. ఏడవలేదు. ఇల్లు పట్టలేదు, బిడ్డ భవిష్యత్తు పట్టలేదు, తన ఒళ్ళు పట్టలేదు. ఏడాది గడిచాక "పిలుపు వస్తే చాలు" అంటున్నారు. ఉత్తరం చదివి రోగం నిర్ణయించడం ఎవరికీ కుదరదు. కానీ ఈ లక్షణాలన్నీ పక్కపక్కన పెడితే నాకు కనబడేది భక్తి పెరిగిన మనిషి కాదు, దుఃఖం లోపలే గడ్డకట్టిన మనిషి. చెప్పుకోవడానికి ఆయనకు దొరికిన ఒకే ఒక్క భాష పరలోకం. సంఘంలో దానికి మెప్పు కూడా వస్తోంది కాబట్టి ఎవరూ ఆగి "బాబూ, ఎలా ఉన్నావు?" అని అడగలేదు. ఏడాది దాటినా తగ్గకుండా మనిషిని కుంగదీసే దుఃఖానికి వైద్యం ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో దాన్ని విడిగా ఒక రుగ్మతగానే తన జాబితాలో చేర్చింది. డిప్రెషన్ కూడా కావచ్చు. అది చూసి చెప్పాల్సింది డాక్టరు.

కాబట్టి అన్నిటికన్నా ముందు, పైకప్పు కన్నా, డబ్బు కన్నా ముందు, ఒక ప్రశ్న సూటిగా అడగండి. పాప నిద్రపోయాక, పక్కన కూర్చుని, "మీరు పిలుపు రావాలి అంటున్నారు. చనిపోవాలనిపిస్తోందా? మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే, లేదా జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకుంటే, ఆయన్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మందులు మీ దగ్గర పెట్టుకుని వేళకు మీరే ఇవ్వండి, ప్రమాదకరమైనవి ఏవైనా ఉంటే తీసేయండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రార్థన చేసుకుంటూనే తీసుకెళ్ళండి. కాదన్నా సరే, బీపీ చెకప్ పేరు మీదైనా డాక్టరును కలవనివ్వండి, ఏడాదిగా ఇలా ఉన్నారని డాక్టరుతో మీరే చెప్పండి.

పౌలు చెరసాలలోంచి ఫిలిప్పీ సంఘానికి రాసిన మాట ఆయనకు చూపించండి. వెళ్ళిపోయి క్రీస్తుతో ఉండాలని నాకు ఆశ, అది మరీ మేలు, అయినా మీ కోసం నేను శరీరంలో నిలిచి ఉండటం మరింత అవసరం అన్నాడు. పరలోకం మీద ఆయనకున్నంత ఆశ ఎవరికుంది? అయినా మనుషుల కోసం ఉండిపోవడానికి మొగ్గాడు. "నాకిక్కడ ఇంకేం పనుంది" అన్న ప్రశ్నకు ఏడేళ్ళ పిల్ల ఇంట్లోనే జవాబుగా తిరుగుతోంది.

ఆ పిల్ల సంగతి. రాత్రిళ్ళు అడిగే ప్రశ్నను దాటవేయకండి. పిల్లలు పరలోకాన్ని ఒక ఊరిలా ఊహించుకుంటారు, నాన్న ఏ క్షణమైనా బయలుదేరతాడనుకుంటారు. "నానమ్మ నిద్రపోయింది" అనకండి, నిద్రంటే భయపడుతుంది. "దేవుడికి కావాలని తీసుకెళ్ళిపోయాడు" అని కూడా అనకండి, రేపు నాన్న కూడా కావాలంటాడేమోనని దేవుడి మీదే దిగులు పెట్టుకుంటుంది. "నానమ్మకు పెద్ద జబ్బు చేసింది, డాక్టర్లు ఎంత చూసినా తగ్గలేదు, చనిపోయింది. ఆమె యేసు దగ్గర ఉందని మనం నమ్ముతాం. నాకు కూడా ఆమె గుర్తొచ్చి బెంగగా ఉంటుంది. నాన్నకు అలాంటి జబ్బు లేదు, నాన్నను డాక్టరుకు చూపిస్తాం" అని చెప్పండి. చనిపోయినవాళ్ళు వెంటనే ఎక్కడుంటారు, మనల్ని చూస్తారా అన్న విషయంలో సంఘాలు ఒకే మాట చెప్పవు. వెంటనే ప్రభువు సన్నిధిలో ఉంటారని కొందరు, పునరుత్థానం వరకు నిద్రలో ఉంటారని కొందరు, శుద్ధి స్థలం ఉందని కాథలిక్కులు నమ్ముతారు. ఏడేళ్ళ పిల్లకు ఇవన్నీ అక్కర్లేదు. మీ సంఘం నమ్మేది చిన్న మాటల్లో చెప్పి, తెలియనిది తెలియదనండి. నాన్నను కూడా పాప ముందు "పిలుపు" మాట ఎత్తవద్దని గట్టిగా చెప్పండి. ఇందులో బతిమాలక్కర్లేదు.

మీ పాస్టర్‌గారు మంచి మనిషైతే ఆయనను విడిగా కలిసి, మీ వారు మాత్రలు వేసుకోవడం లేదని, ఇంటి బాధ్యత వదిలేశారని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫిర్యాదులా కాకుండా సాయం అడిగినట్టు అడగండి. వేదిక మీదనుంచి మెచ్చుకోవడం మాని, ఇంటికి వచ్చి ఆయనతో తల్లి గురించి మాట్లాడమనండి. ఆమె ఎలా నవ్వేది, ఏం పాడేది, చివరి రోజుల్లో ఏమంది, అవి. సిద్ధాంతం వద్దు. తల్లి కథలు చెప్పించగలిగితే ఆ ఏడుపు బయటికి రావచ్చు. పాస్టర్‌గారు కూడా "విశ్వాసం ఉంటే మాత్రలెందుకు" అనే రకమైతే ఆయన దగ్గరికి వెళ్ళకండి, సంఘంలో వయసులో పెద్దవాళ్ళు, భర్తనో బిడ్డనో పోగొట్టుకుని నిలదొక్కుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటారు. వాళ్ళను పిలవండి.

పాప డబ్బు మీ జీతంలోంచి వీలైనంత మళ్ళీ మొదలుపెట్టండి, ఆయనకు చెప్పే మొదలుపెట్టండి, చాటుగా వద్దు. పైకప్పుకు మనిషిని మీరే పిలిపించండి. ఆ పని జరిగే రోజు నిచ్చెన పట్టుకోమని ఆయన్నే అడగండి. పట్టుకున్నారో లేదో, డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.